పాత పెంకుటిల్లు కొని, బాగుచేసి అమ్మితే గిట్టుబాటవుతుందా?

కొత్తబేరగాడు:
నిడదవోలులో మా అత్తగారి వీధిలో ఒక పాత పెంకుటిల్లు అమ్మకానికి వచ్చింది. 150 గజాలు, తూర్పు ముఖం. 27 లక్షలు చెబుతున్నారు. ఆరేళ్ళుగా తాళం వేసి ఉంది. వసారా మీద పెంకులు జారిపోయాయి, వంటింటి గోడకి మోకాలెత్తు వరకూ చెమ్మ, వైరింగు ఇంకా చెక్క పట్టీల మీదే ఉంది. మేస్త్రీ చూసి "ఆరు లక్షల్లో పెళ్ళికూతురిలా తయారుచేస్తా" అన్నాడు. ఏడాదిలో 40కి అమ్మాలని నా ఆలోచన. ఉద్యోగం హైదరాబాద్‌లో, శని ఆదివారాలే వెళ్ళగలను. ఇలా చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, దిగొచ్చా?

పాలకొల్లు పాతిళ్ళాయన:
నేను ఇప్పటికి మూడు చేశానండి. రెండింట్లో మిగిలింది, ఒకదాంట్లో చేతులు కాలాయి. ఆ కాలినదాని సంగతే చెబుతా.

మేస్త్రీ చెప్పేది కంటికి కనిపించే పనికి. నాకు 5 లక్షలన్నారు, 9.40 అయింది. పెంకులు దింపాక చూస్తే దూలాలు కింద నుంచి నల్లగా నిగనిగలాడుతున్నాయి, గోడలోకి దిగిన కొసలు మాత్రం చెదలు తినేసి ఉత్త పొడి. స్క్రూడ్రైవర్ పెడితే పిడి దాకా దిగింది. మీరు నిచ్చెన వేయించుకుని, దూలం గోడ మీద కూర్చునే చోట పొడిచి చూడండి. మధ్యలో పొడిస్తే ఏమీ తెలీదు.

ఇక ఆ చెమ్మ గోడ. పాత ఇళ్ళు చాలావరకు సున్నంతో కట్టినవి. నేల తడి పైకెక్కినా సున్నపు పూతలోంచి ఆరిపోతుంది. మా మేస్త్రీ దాన్ని చెక్కేసి సిమెంటు పూత పూశాడు, పైన పుట్టీ, రంగు. మూడు నెలలు అద్దంలా ఉంది. వానలు పడగానే అదే చెమ్మ నడుమెత్తుకి ఎక్కింది, రంగు పొక్కులు లేచి ఉప్పు రాలడం మొదలైంది. ఇల్లు చూడ్డానికి వచ్చినావిడ గోడ మీద చెయ్యి పెట్టి, వేళ్ళు చూసుకుని, కొంగుకి తుడుచుకుని వెళ్ళిపోయింది. ఒక్క మాట అనలేదు. మళ్ళీ అంతా చెక్కించి సున్నంతోనే పూయించాను. ఆ పని తెలిసిన ముసలాయన్ని పట్టుకోవడానికే నెల పట్టింది.

మీ గోడలో ఇటుకల సందున తాళంచెవితో గీకండి. తెల్లగా మెత్తగా రాలితే సున్నమే. వంటింటి తూము నీళ్ళు ఎటు పోతున్నాయో కూడా చూడండి, నా ఇంట్లో సగం చెమ్మ దాని పుణ్యమే.

అన్నట్టు, పాత ద్వారబంధాలు మేస్త్రీని "తీసుకుపో" అనకండి. టేకువైతే మంచి రేటుకి కొంటారు. మొదటి ఇంటివి ఊరికే ఇచ్చేశాను, మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

తెనాలి శారద:
గోడల కంటే ముందు సంతకాలు చూసుకోండి. ఆరేళ్ళ తాళం అంటే పెద్దాయన పోయి పిల్లలు తలో ఊళ్ళో ఉండుంటారు. వీలునామా రాయకుండా పోతే ఆయన స్వార్జితంలో భార్యకి, కూతుళ్ళకి కొడుకులతో సమానంగా వాటా వస్తుంది. ఇది 1956 హిందూ వారసత్వ చట్టంలోనే ఉంది. మా బాబాయి కొన్న ఇంటికి అన్నదమ్ములు ముగ్గురూ సంతకాలు పెట్టారు, ఖరగ్‌పూర్‌లో ఉన్న వాళ్ళ అక్కని ఎవరూ అడగలేదు. రంగులు వేయించాక నోటీసు వచ్చింది. నాలుగేళ్ళయింది, ఇల్లు ఇంకా కోర్టులోనే ఉంది.

ఇంటిపన్ను రసీదు చూపించి ఇది చాలంటారు. అది హక్కు పత్రం కాదు. ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల చిట్టా) ఆన్‌లైన్‌లో 1983 నుంచే వస్తుంది, అంతకు ముందుది సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో తీయించండి.

లెక్కలమనిషి:
27కి కొంటే రిజిస్ట్రేషన్ ఖర్చు 7.5 శాతం, అంటే 2 లక్షల పైమాటే. పాతిళ్ళాయన గారికి అయినట్టు రిపేరు 9 అయితే మొత్తం 38. ఇద్దరు బ్రోకర్లకి ఇచ్చాక 40లో మీకు మిగిలేది టీ ఖర్చులు. పైగా 24 నెలలు నిండకుండా అమ్మితే లాభం మీ జీతంతో కలిపి స్లాబు ప్రకారం పన్ను. రిపేరు ఖర్చు లెక్కలో చూపించాలంటే బిల్లులు కావాలి. మేస్త్రీ చేతిలో పెట్టిన నోట్లకి బిల్లేదీ? 22 దాటితే వదిలేయండి.

కొత్తబేరగాడు:
అందరికీ థాంక్సండి. ఆదివారం వెళ్ళొచ్చాను. ఐదు దూలాల్లో రెండింటి కొసలు మెత్తగా దిగిపోయాయి. గోడ సున్నానిదే. 22 అంటే అమ్మే ఆయన కాసేపు మాట్లాడలేదు, తర్వాత 24కి వచ్చారు. అక్కచెల్లెళ్ళు ఉన్నారా అని అడిగితే "ఒక చెల్లెలుంది కానీ..." అన్నారు.

తెనాలి శారద:
ఆ "కానీ" తర్వాత ఏమన్నారు?