బాపు ఊపిరితిత్తిల గడ్డ ఉందట, క్యాన్సర్ కాదంటున్రు, ఊకోవచ్చా?

పరకాల పిలగాడు:
అందరికీ నమస్తే. బాపుకు 58 ఏండ్లు, పత్తి చేన్ల పని, బీడీలు తాగేటోడు, పదేండ్ల కింద ఇడిసిపెట్టిండు. మోకాలు ఆపరేషన్‌కని హన్మకొండ పోతే ఛాతీ ఎక్స్‌రేల కుడి దిక్కు తెల్ల మచ్చ కనవడ్డది, సీటీ తీపిచ్చినం. 1.8 సెంటీమీటర్లు, లోపల కొవ్వు, పాప్‌కార్న్ లెక్క కాల్షియం, హమార్టోమా అని రాసిన్రు. డాక్టర్ ఇప్పుడు కొయ్యాల్సిన పనిలేదు, ఆరు నెలలకు మళ్ళ సీటీ తీద్దాం అన్నడు. దగ్గు లేదు, ఆయాసం లేదు. ఊర్లోల్లేమో క్యాన్సరే అంటున్రు, అమ్మ రెండు రోజుల సంది అన్నం ముడ్తలేదు.

సీటీ రూం అన్న:
తమ్మీ, నేను డాక్టర్ను కాదు, 14 ఏండ్ల సంది సీటీ మిషిన్ దగ్గర పని. ఊపిరితిత్తుల వచ్చే క్యాన్సర్ కాని మామూలు గడ్డలల్ల ఎక్కువ వచ్చేది హమార్టోమానే. మృదులాస్థి, కొవ్వు అసుంటి మన ఒంట్ల ఉండేటియే ఒక్కకాడ అడ్డదిడ్డంగ పెరిగి ముద్ద గడ్తయి. అంచు నున్నగుండి లోపల కొవ్వు కనవడ్డదంటే శానా వరకు గదే. ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లే పెరుగుతది, క్యాన్సర్‌గ మారుడు శానా అరుదు. ఇంట్ల పాత ఎక్స్‌రే ఉందేమో ఎతుకు, మచ్చ అండ్ల గూడ ఉంటె డాక్టర్‌కు మస్తు పనికొస్తది. బీడీలు తాగిన మనిషి, ఆరు నెలల సీటీ మాత్రం తప్పియ్యకు.

హన్మకొండ కోడలు:
మా అత్తమ్మకు గిదే గడ్డ గాలిగొట్టం లోపట వచ్చింది, అట్ల వచ్చుడు తక్కువే గని వస్తె గోస. మూడేండ్లు ఆస్తమా అని ఇన్‌హేలర్లు వాడిచ్చిన్రు, ఎడమ దిక్కు కిందనే మూడుసార్లు నిమోనియా అయింది, తెమడల టీబీ పురుగు దొరకకున్నా ఆరు నెలలు టీబీ గోళీలు మింగిచ్చిన్రు. ఆఖరికి హైద్రాబాద్ల ఒక డాక్టరమ్మ వీపు మీద స్టెత్ పెట్టి, పిల్లికూత ఒక్క దిక్కే ఇనవడ్తుందేందని బ్రాంకోస్కోపీ, అంటే గాలిగొట్టంలకు సన్న కెమెరా గొట్టం పంపి చూసుడు, చేపిచ్చింది. టీవీల మేం గూడ చూసినం, చింతగింజంత నున్నటి గడ్డ తొవ్వకు అడ్డం కూసున్నది. కరెంటు తీగతోని అండ్లకెల్లే కోసి తీసిన్రు, ఛాతీ కొయ్యలే. మీ బాపుకు దగ్గు, ఆయాసం లేవు గదా, భయపడకున్రి. ఎప్పుడన్న ఒక్క దిక్కే పిల్లికూత వచ్చినా, ఒక్క జాగలనే మళ్ళమళ్ళ నిమోనియా అయినా ఆస్తమా అనుకొని ఇడ్వకున్రి.

పరకాల పిలగాడు:
అన్నా, బీరువల చీరల కింద 2017ల జరమొచ్చినప్పటి ఫిలిం దొరికింది, ట్యూబులైటుకు అడ్డం పెట్టి చూస్తె గదే జాగల కొంచెం చిన్నగ మచ్చ ఉన్నది. అమ్మకు గూడ చూపెట్టిన. సోమవారం డాక్టర్ దగ్గరికి పట్కపోతున్న.