మూడక్షరాల పజిల్: మొదటి మాటగా ఏది వేయాలి?

ప్రశ్న: రోజుకో మాట కనిపెట్టే ఆట తెలుగులో ఆడుతున్నాను. మూడు గడులు, ఆరు ప్రయత్నాలు. చోటుతో సహా సరిపోతే ఆకుపచ్చ, వేరే గడిలో ఉంటే పసుపు. హల్లుకీ గుణింతానికీ రంగు విడివిడిగా వస్తుంది. ఇంగ్లీషు వర్డిల్‌లోలా అచ్చులు ఎక్కువున్న మాటతో మొదలుపెడదామంటే ఇక్కడ కుదరడం లేదు. మీరెలా ఆడతారు?

జవాబు: కుదరదండీ. ఇంగ్లీషులో అచ్చుకి సొంతంగా ఒక గడి ఉంటుంది. మనకి మాట మొదట్లో తప్ప అచ్చు ఒంటరిగా రాదు, హల్లు మీద గుణింతమై కూర్చుంటుంది. అంటే ఒక్కో గడిలో రెండేసి సంగతులు రాబట్టాలి. నేను "నాలుక" వేస్తాను. న, ల, క తరచూ తగిలే హల్లులు, గుణింతాలూ మూడు రకాలు. తర్వాత "మరిది". ఈ రెంటితో ఆరు హల్లులు, అ ఆ ఇ ఉ నాలుగూ చూసేసినట్టే. మొదటి గడికి ఏ హల్లూ తగలకపోతే అక్కడ అచ్చుందేమో చూడండి: ఎలుక, ఉడుత, అలక.

అసలు కిటుకంతా చివరి గడిలో ఉంది. అక్కడ కొమ్ము తేలితే నడిమి గడిలోనూ కొమ్మే ఉండొచ్చు: అడుగు, కొడుకు, పెరుగు, ముసుగు. సున్న తేలితే నగరం, సమయం లాంటి సంస్కృతం మాటల వైపు వెళ్ళండి. ఘ, ధ, భ లాంటివి అప్పటిదాకా దాచుకోండి, అచ్చ తెలుగు మాటల్లో అవి అరుదు. ణ, ళ పసుపు వస్తే మొదటి గడి జోలికి పోవద్దు. ఇంకోటి, తేలిన హల్లు మళ్ళీ రాదనుకోకండి, "కొడుకు"లో క రెండుసార్లుంది.

మరొకరు: ఇదంతా సరే. చివరి రెండు గడులూ "డక" అని తేలిపోయి, నడక, పడక, తడక, మడక నాలుగూ సరిపోతుంటే? మిగిలినవి రెండే ప్రయత్నాలు. టెన్షన్ అక్కడే కదా!

జవాబు: అప్పుడు ఆ నాలుగింట్లో ఏదీ వేయకండి. "పతనం" వేయండి. ప ఆకుపచ్చైతే పడక, త పసుపైతే తడక, న పసుపైతే నడక. మూడూ రంగు మారకపోతే మడక. ఒక ప్రయత్నం కావాలనే వదులుకున్నా ఆఖరిది గురి తప్పదు. (మడక అంటే నాగలి. పజిల్ పెట్టేవాళ్ళు ఆ మాట ఇస్తారా అన్నది వేరే సంగతి.) ఇంగ్లీషులో లైట్, నైట్, రైట్, టైట్ వరసలో ఇరుక్కున్నప్పుడూ ఇదే పద్ధతి.

మరొకరు: తేలినవి తప్పక వాడాలనే హార్డ్ మోడ్‌లో ఇది చెల్లదుగా?

జవాబు: చెల్లదు. అందులో ఆడేవాళ్ళు "డక" ఖాయం కాకముందే, అంటే రెండో మూడో ప్రయత్నంలోనే, మొదటి గడికి ప, త, వ లాంటివి మార్చి మార్చి చూసుకోవాలి.