వీడియో గేముల్లో మాట్లాడని నాయకులు: మా గేములోని అమ్మాయికి మాటలు పెట్టాలా, వద్దా?

నాగావళి_ఒడ్డు (రాయగడ)

అందరికీ నమస్కారం. మేము ముగ్గురు మిత్రులం రాయగడలో ఉద్యోగాలు చేసుకుంటూ, సాయంత్రాలూ ఆదివారాలూ కూర్చుని ఒక చిన్న వీడియో గేమ్ తయారు చేస్తున్నాము. కథంతా ఒక్క రోజులో, నౌపడ నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపూరు వెళ్ళే పాత చిన్న రైలులో, అంటే 2004లో ఆ నేరోగేజి లైను మూతపడక ముందు కాలంలో జరుగుతుంది. పన్నెండేళ్ళ అమ్మాయి ఒకతె అమ్మమ్మ కట్టి ఇచ్చిన మూట పట్టుకుని గుణుపూరులోని పిన్ని ఇంటికి ఒంటరిగా బయలుదేరుతుంది. దారిలో ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ ఆమెను తెలుగులోనో, ఒడియాలోనో, సవరలోనో పలకరిస్తారు. ఆ అమ్మాయి తిరిగి మాట్లాడాలా వద్దా అన్న దగ్గర మా ముగ్గురికీ పొత్తు కుదరడం లేదు.

నేను వద్దంటున్నాను. ఆమె తెలుగులో జవాబిస్తే ఒడియా ఇంట్లో పెరిగిన పిల్లవాడికి పరాయిదవుతుంది, ఒడియాలో ఇస్తే మన పిల్లలకు పరాయిదవుతుంది. అసలు నోరు విప్పకపోతే ఆడేవాళ్ళు ఎవరి భాషలో వాళ్ళు మనసులో జవాబు చెప్పుకుంటారు. హాఫ్-లైఫ్ 2 ఆడినన్నాళ్ళూ నేను అందులోని మాట్లాడని నాయకుడు గోర్డన్ ఫ్రీమన్ తరఫున తెలుగులోనే జవాబులు చెప్పుకున్నాను, అతడు ఒక్క ఇంగ్లీషు మాట పలికినా ఆ చనువు పోయేదని నా గట్టి నమ్మకం. కథ రాస్తున్న మా మిత్రురాలు ఒప్పుకోవడం లేదు. నోరు లేని పిల్ల మనిషిగా నిలబడదనీ, జవాబులు రాయడం కష్టమని మౌనం చాటున దాక్కోకూడదనీ ఆమె వాదన.

మౌనం ఏ గేముల్లో నిలబడింది, ఎక్కడ బెడిసికొట్టింది, ఎందుకు? ఆడినవారు వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

బరంపురం_వీధి (బరంపురం)

నేను మీ పక్షమే, కానీ నా కారణం వేరు. మౌనం మొదట ఎవరూ ఆలోచించి పెట్టుకున్న పద్ధతి కాదు. 1986లో ది లెజెండ్ ఆఫ్ జెల్డా, డ్రాగన్ క్వెస్ట్ వచ్చిన నాటికి ఆ యంత్రాల్లో మనుషుల గొంతుతో సంభాషణలు నిలవ చేసేంత చోటే లేదు. ఎవరు ఏమన్నా తెర మీద అక్షరాలుగానే వచ్చేవి కనుక, జెల్డా గేముల నాయకుడు లింక్ మాట్లాడకపోవడం అప్పట్లో ఎవరికీ లోటుగా తోచలేదు. చుట్టూ ఉన్నవారందరికీ గొంతులు వచ్చాకే ఇతడొక్కడూ ఎందుకు ఉలకడూ పలకడూ అన్న ప్రశ్న పుట్టింది. అందువల్ల 1998లో హాఫ్-లైఫ్ వచ్చేసరికి మౌనానికి ఒక పని అప్పగించవలసి వచ్చింది.

ఆ పని ఏమిటో హాఫ్-లైఫ్ 2 మొదట్లోనే కనబడుతుంది. సిటీ 17 రైల్వే స్టేషనులో దారికి అడ్డంగా నిలబడ్డ పోలీసు ఒకడు ఖాళీ డబ్బాను లాఠీతో కింద పడేసి, దాన్ని తీసి చెత్తబుట్టలో వెయ్యమని హుకుం జారీ చేస్తాడు. అప్పటికి మన చేతిలో ఏ ఆయుధమూ లేదు. చెప్పినట్టు వేస్తే నవ్వి దారి వదులుతాడు. అదే డబ్బాను అతడి మీదికి విసిరితే లాఠీతో వెంటపడతాడు. రెంటిలో ఏది చేసినా అది ఫ్రీమన్ ఇచ్చిన జవాబే, మనం ఇచ్చిన జవాబే. అక్కడ అతడి నోట ఒక డైలాగు పెట్టి ఉంటే అది రాసినవాడి జవాబు అయ్యేది. ఆ గేములో ఎదుటివాళ్ళు మాట్లాడుతున్నంతసేపూ మనం నడవవచ్చు, వస్తువులు ఎత్తవచ్చు, వినకుండా గోడ వైపు తిరగవచ్చు. కళ్ళూ కాళ్ళూ చేతులూ దాదాపు ఎప్పుడూ మనవే కనుక నోరు లేని లోటు తెలియదు.

కాబట్టి మీ అమ్మాయి చేతులు ఏమేమి చెయ్యగలవో ముందు తేల్చుకోండి. పర్లాకిమిడిలో ఎక్కిన ముసలాయన చోటు అడిగితే మూట ఒళ్ళోకి తీసుకోవచ్చు, తీసుకోకుండా కిటికీలోంచి చూస్తూ ఉండిపోవచ్చు. ఎవరైనా జంతికలు పెడితే తినవచ్చు, దాచుకోవచ్చు, ఎదురుగా ఏడుస్తున్న చంటిపిల్లకు ఇవ్వవచ్చు. ఆమె ఏం చేసిందో ముసలాయన గుర్తుపెట్టుకుని, దిగిపోయే ముందు దానికి తగ్గ మాట ఒకటి అనాలి. ఈ గుర్తుపెట్టుకోవడం అంతా ఓపికగా రాయగలిగితేనే మౌనం పెట్టుకోండి.

ప్రాణహిత_గట్టు (సిరొంచ)

మీ ఇద్దరితోనూ నాకు భేదాభిప్రాయం ఉంది. డబ్బా ఉదాహరణ చాలా బాగుంది, కాదనను. కానీ ఆ సన్నివేశంలో ఫ్రీమన్‌కు తనదంటూ బాధ ఏమీ లేదు. అవమానం జరిగింది మనకే, జవాబిచ్చిందీ మనమే. నాయకుడికి తనదైన దుఃఖమో, వెతుకులాటో ఉన్న కథలో మౌనం నిలవదు.

డెడ్ స్పేస్ అనే గేము సంగతి చూడండి. 2008లో వచ్చిన మొదటి భాగంలో ఐజాక్ క్లార్క్ అనే ఇంజనీరు, తన ప్రియురాలు నికోల్ పని చేస్తున్న అంతరిక్ష నౌకలోకి వెళతాడు. ఆమె పంపిన సందేశం చూస్తాడు, ఆమె కోసం వెతుకుతాడు, అయినా ఆమె పేరు కూడా నోట రాదు. తోటివాళ్ళు ఇది బాగు చెయ్యి, అక్కడికి వెళ్ళు అని పురమాయిస్తూ ఉంటే పనివాడిలా తిరుగుతాడు. అతడు బాధపడుతున్నాడని మనకు మనమే నచ్చజెప్పుకోవాలి. 2011లో రెండో భాగంలో అతడికి మాటలు వచ్చాయి, దానితోపాటు కోపమూ, పశ్చాత్తాపమూ, ఎదురు చెప్పే తెగువా వచ్చాయి. 2023లో మొదటి భాగాన్ని మళ్ళీ కొత్తగా తయారు చేసినప్పుడు కూడా ఐజాక్‌తో మాట్లాడించారంటే, ఆ కథకు మాట ఎంత అవసరమో తయారీదార్లకే తెలిసివచ్చిందని నేను అనుకుంటాను. జీటీఏ (గ్రాండ్ థెఫ్ట్ ఆటో) గేముల్లోనూ ఇదే జరిగింది. 2001 నాటి జీటీఏ 3లో క్లాడ్‌ను దోపిడీలో తోడున్న కాటలీనా కాల్చి పారిపోతుంది, చివరిదాకా అతడు దాని గురించి ఒక్క మాట అనడు. మరుసటి ఏడు వచ్చిన వైస్ సిటీలో టామీ వెర్సెట్టి నోరు తెరిచాడు. ఇంటర్నెట్ సెంటర్లలో ఆడిన నా ఈడువాళ్ళకు టామీ ఇప్పటికీ మనిషిగా గుర్తున్నాడు, క్లాడ్ తోలు జాకెట్టు మాత్రమే గుర్తుంది. అంతెందుకు, హాఫ్-లైఫ్ తీసిన వాల్వ్ సంస్థే 2020లో హాఫ్-లైఫ్: అలిక్స్‌లో, కళ్ళలోంచి చూసే పద్ధతిని అలాగే ఉంచి, అలిక్స్ చేత ధారాళంగా మాట్లాడించింది. తండ్రిని విడిపించుకోవాలని బయలుదేరిన కూతురు పెదవి విప్పకుండా ఉంటే ఎవరు నమ్ముతారు?

ఇక భాష విషయం. మా సిరొంచలో ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, అడవి ఊళ్ళ నుంచి సంతకు వచ్చేవాళ్ళతో నాలుగు ముక్కలు గోండి. మీ వైపూ ఇంచుమించు ఇలాగే ఉంటుందని అనుకుంటున్నాను. మన పన్నెండేళ్ళ పిల్ల ఎదుటి మనిషి కట్టూ బొట్టూ, మొదటి మాట యాసా చూసి, ఏ భాషలో బదులివ్వాలో క్షణంలో తేల్చుకుంటుంది. ఇది సరిహద్దు పిల్లలకు అలవోకగా అబ్బే విద్య, నేను ఏ గేములోనూ దీన్ని చూడలేదు. ఎవరికీ పరాయిది కాకూడదని మీరు ఆమె నోరు కట్టేస్తే, ఆమెకు ఉన్న అసలు నేర్పునే తీసేసినట్టు అవుతుంది. ఏ భాషలో బదులివ్వాలో ఎంచుకోవడాన్నే ఆటగా పెట్టండి. టికెట్ కలెక్టరుకు ఒడియాలో చెబితే ఒక రకంగా చూస్తాడు, తెలుగులో చెబితే ఇంకో రకంగా. కట్టెల మోపుతో ఎక్కిన సవర అవ్వను ఆమె మాటలో ఒక్క ముక్క పలకరిస్తే ముఖం వికసిస్తుంది. ఒడియా ఇంటి పిల్లవాడు ఆడినా, తెలుగు ఇంటి పిల్ల ఆడినా, తనకు రాని భాష ఎదురైనప్పుడు తడబడతారు, ఆ తడబాటు కూడా ఆ అమ్మాయిదే అవుతుంది.

కొరాపుట్_కాఫీ (జయపురం)

రెండు విషయాలు చేర్చుతాను. మౌనాన్ని కథే గుర్తించిన గేములు ఉన్నాయి. 2011 నాటి పోర్టల్ 2 మొదట్లో, చాలాకాలం నిద్రపోయి లేచిన కథానాయిక చెల్‌ను వీట్లీ అనే రోబో ఏదైనా మాట్లాడమని అడుగుతాడు. మాట్లాడటానికి ఫలానా బటన్ నొక్కమని తెర మీద వస్తుంది, నొక్కితే ఆమె గెంతుతుంది! 'యాపిల్' అనమని ప్రాధేయపడినా మళ్ళీ గెంతడమే. 2017 నాటి బ్రెత్ ఆఫ్ ది వైల్డ్‌లో మిగతా ముఖ్య పాత్రలకు గొంతులు ఉండి లింక్‌కు లేకపోవడానికి రాకుమారి జెల్డా దినచర్య పుస్తకంలో కారణం దొరుకుతుంది: ఇంతమంది కళ్ళు తన మీద ఉన్నప్పుడు ధైర్యంగా కనబడాలని, భారమంతా నోరు విప్పకుండా మోయాలని అతడు నిశ్చయించుకున్నాడట. ఆ పుట చదివాక అంతకుముందు ఆడినదంతా నాకు వేరుగా అర్థమయింది.

రెండోది, మాటలు పెట్టినంత మాత్రాన చనువు పెరగదు. ఫాలౌట్ 4లో (2015) నాయకుడికి గొంతు ఇచ్చి, జవాబులను నాలుగు పొట్టి ముక్కలకు కుదించారు. మనం ఎంచుకున్నదానికీ అతడు పలికినదానికీ పొంతన కుదరక చాలాచోట్ల చిరాకు వేస్తుంది. అదే సంస్థ 2023లో స్టార్‌ఫీల్డ్‌లో గొంతు తీసేసి, అక్షరాల్లో పూర్తి వాక్యాలకు తిరిగి వెళ్ళింది. మీది ముగ్గురి బృందం కనుక అమ్మాయి గొంతును రికార్డు చెయ్యకుండా, జవాబులు తెర మీద పూర్తిగా రాసి చూపిస్తే సరిపోతుందని నా సలహా.

నాగావళి_ఒడ్డు (రాయగడ)

అందరికీ ధన్యవాదాలు. సిరొంచ నుంచి వచ్చిన జవాబును మా మిత్రురాలికి చదివి వినిపించాను, ఇంతకాలం తాను చెప్పలేకపోయినది అదేనన్నారు. అమ్మాయి జవాబులు తెర మీద అక్షరాలుగా వస్తాయి, గొంతు ఉండదు. ఏ భాషలో బదులివ్వాలో ఆడేవారు ఎంచుకుంటారు, ఏమీ అనకుండా ఊరుకోవడం కూడా అందులో ఒకటిగా ఉంటుంది. ముసలాయన, మూట, జంతికలు బరంపురంవారు చెప్పినట్టే పెడుతున్నాము.

ఒక్క చోట మాత్రం నేను పట్టు వదలలేదు. రైలు గుణుపూరు చేరాక ప్లాట్‌ఫారం మీద పిన్ని, అమ్మమ్మ ఎలా ఉందని అడుగుతుంది. అక్కడ ఏ జవాబూ రాయము. మూట విప్పడం, విప్పకుండా చేతికివ్వడం, అక్కడే కూర్చోవడం, ఈ మూడే ఉంటాయి. దీని మీద మా మిత్రురాలు ఇంకా వాదిస్తున్నారు.

ఇప్పుడు మాకు సవర మాటలు కావాలి. పర్లాకిమిడి, గుణుపూరు వైపు ఇంట్లో సవర మాట్లాడేవారు ఎవరైనా ఈ చర్చ చదువుతూ ఉంటే, రైల్లో ఎదురుగా కూర్చున్న చిన్నపిల్లను ఒక అవ్వ ఏమని పలకరిస్తుందో ఇక్కడే రాయగలరా? మా అంతట మేము ఊహించి రాయడం మాకు ఇష్టం లేదు.