కప్పట్రాళ్లలో యురేనియం బోర్లు: వద్దనడం సబబేనా?

హంద్రీ_ఒడ్డు (కర్నూలు):
2024 నవంబరులో దేవనకొండ మండలం కప్పట్రాళ్ల అడవిలో యురేనియం కోసం 68 బోర్లు వేస్తారని తెలిసి చుట్టుపక్కల ఊళ్లవాళ్లు రోడ్డెక్కారు. ప్రభుత్వం వెనక్కి తగ్గింది. బోరు వేసి రాయి పైకి తీసి చూస్తే వచ్చే నష్టమేంటి? కరెంటు మాత్రం అందరికీ కావాల. చెర్నోబిల్, ఫుకుషిమా పేర్లు చెప్పి అన్నీ ఆపేస్తే ఎలా?

వేముల_అరటితోట (కడప జిల్లా):
అన్నా, చెర్నోబిల్ దాకా ఎందుకు, మా తుమ్మలపల్లె యురేనియం గని ఉంది కదా. రాయి నుంచి యురేనియం తీసే మిల్లు నుంచి వచ్చే బురదను కొట్టాల అనే ఊరి దగ్గర చెరువులా కట్టి నింపుతున్నారు. బోరునీళ్లు చెడిపోయాయి, అరటి ఎండిపోతోంది అని అక్కడి రైతులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు.

లెక్కల_మాస్టారు (అనంతపురం):
ఇక్కడ రెండు రకాల వ్యర్థాలను కలిపేస్తున్నాం. రియాక్టరులో వాడేసిన ఇంధనం కొంచెమే ఉంటుంది, కానీ మహా ప్రమాదకరం. మన దేశంలో దాన్ని శుద్ధి చేశాక మిగిలే ద్రవాన్ని ట్రాంబే, తారాపూర్, కల్పాక్కంలలో గాజులో కలిపి గడ్డకట్టిస్తారు. ఫిన్లాండ్ వాళ్లయితే వాడిన ఇంధనాన్ని రాగి డబ్బాల్లో పెట్టి 400 మీటర్లకు పైగా లోతున, రాతిలో పూడ్చడానికి సొరంగాలు తవ్వుకున్నారు. దీని మీద పరిశోధనకు, డబ్బుకు కొదవలేదు.

గని బురద సంగతి వేరు. తుమ్మలపల్లెలో టన్ను రాయికి అరకిలో యురేనియం కూడా రాదు. మిగతాదంతా బురదే. యురేనియం తీసేసినా రాయిలోని రేడియోధార్మికతలో దాదాపు 85 శాతం అందులోనే ఉండిపోతుంది, ఎందుకంటే థోరియం-230, రేడియం-226 అక్కడే మిగులుతాయి. రేడియం సగానికి తగ్గడానికే 1,600 ఏళ్లు, ఆ థోరియానికి 75 వేల ఏళ్లు. గాజు దిమ్మకున్న కాపలా దీనికి లేదు. అడుగున బంకమట్టి, ఒక ప్లాస్టిక్ పొర. ఆ పొర సరిగ్గా వేశారా లేదా అన్నదే కడపలో గొడవ.

బూడిద_పొరుగు:
బొగ్గు బూడిదలోనూ కాస్త యురేనియం, థోరియం ఉంటాయి. థర్మల్ కేంద్రాల పక్కన ఉండేవాళ్ల కోసం ఎవరూ ఇంత టెన్షన్ పడరు. పైగా మన సీమలో గని లేని ఊళ్లలో కూడా గ్రానైట్ రాళ్ల వల్ల బోరునీళ్లలో యురేనియం ఉంటుంది. అంతా గని వల్లే అని ఎట్లా తేలుస్తారు?

వేముల_అరటితోట:
తేల్చలేం, మా గోడే అది! గని రాకముందే ప్రతి బోరు నీళ్లూ పరీక్షించి ఆ కాగితం రైతు చేతిలో పెట్టి ఉంటే ఈ వాదన ఎందుకొస్తుంది? ఇప్పుడేమో నీళ్లు చెడ్డాయంటే "మీ నేలలోనే ఉంది" అంటారు. హద్దు కూడా ఒకటి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లీటరుకు 30 మైక్రోగ్రాములు అంటుంది, మన అణుశక్తి నియంత్రణ మండలి 60 అంది. 45 వచ్చిన బోరు నీళ్లు మేము తాగాల్నా, వద్దా?

లెక్కల_మాస్టారు:
తాగొద్దు. ఆ 30 కిడ్నీలకు జరిగే రసాయన హానిని బట్టి పెట్టింది, రేడియేషన్‌ను బట్టి కాదు. రేడియేషన్ తక్కువే కదా అన్న మాటతో కిడ్నీ ఊరుకోదు.

పత్తికొండ_పిల్లోడు:
హంద్రీ అన్నా, బోరు వేరు, గని వేరు. నిజమే. కానీ బోర్లలో బాగా దొరికితే తర్వాత వద్దనే మాట ఎవరు వింటారు? మావాళ్లు మొదట్లోనే అడ్డం పడింది అందుకే.

లెక్కల_మాస్టారు:
నేను అణు కరెంటుకు వ్యతిరేకిని కాదు. బోర్లు కూడా వేయనివ్వొచ్చు, ఒక షరతు మీద. ముందు చుట్టూ ఉన్న ఊళ్ల బావులు, బోర్ల నీళ్లన్నీ పరీక్షించి ఆ అంకెలు పంచాయతీ గోడ మీద రాయాలి. పరీక్ష, యురేనియం పనులు చూసే కేంద్ర అణుశక్తి విభాగం చేతిలో ఉండకూడదు. నియంత్రణ మండలి ఉంది కదా అంటారేమో. 1983లో పెట్టిన ఆ మండలి ఏళ్ల తరబడి జవాబు చెబుతూ వచ్చింది అణుశక్తి సంఘానికే. ఆ సంఘం అధ్యక్షుడే ఈ విభాగానికి కార్యదర్శి. మండలికి చట్టబద్ధమైన స్వతంత్రత లేదని 2012లో ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ కూడా తప్పుపట్టింది.

బూడిద_పొరుగు:
అన్ని బోర్లకూ పరీక్షలంటే ఎవరి డబ్బుతో మాస్టారూ?

లెక్కల_మాస్టారు:
తవ్వేవాళ్ల డబ్బుతోనే. సీసాలో నీళ్లు పట్టేటప్పుడు మాత్రం వాళ్లు పక్కన ఉండకూడదు.