నూనె రాసినా ఉలులకు తుప్పు ఎందుకు పట్టింది?

ప్రశ్న:
నా దగ్గర కార్బన్ స్టీలు వంటగది కత్తులు రెండు, చెక్కపని ఉలులు నాలుగు ఉన్నాయి. కత్తులు రోజూ వాడతాను గానీ, ఉలులు నెలల తరబడి తోలు ఒరల్లోనే ఉంటాయి. అన్నింటికీ వంటనూనె రాసి పెడుతూ వచ్చాను. ఈమధ్య తీసి చూస్తే ఉలుల మీద నూనె పసుపుపచ్చని బంకలా గట్టిపడి ఉంది. గోటితో గీకితే, దాని కింద పిడికి దగ్గరగా నారింజ రంగు చుక్కలు కనిపించాయి. దేనికి ఏది రాయాలో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

మొదటి సమాధానం:
వంటనూనెల్లో చాలావాటికి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి చిక్కబడే గుణం ఉంది. మీరు చూసిన బంక అదే. తుప్పు పట్టడానికి నీరు, ఆక్సిజన్ రెండూ కావాలి కనుక, తడి పూర్తిగా ఆరకముందే నూనె రాస్తే ఆ తడిని లోపలే బంధించినట్టవుతుంది. చెమటలోని ఉప్పూ తక్కువది కాదు. ఒకసారి నేను తుడవకుండా వదిలేసిన ఉలి మీద నా బొటనవేలి గీతలు గీతలుగానే తుప్పు తేలింది. అప్పటినుంచి నూనె కంటే ముందు పొడిగుడ్డ మీదే నా శ్రద్ధంతా. కత్తులను వాడిన వెంటనే కడిగి, తుడిచి, ఆహారానికి పనికొచ్చే రకం మినరల్ ఆయిల్ (పెట్రోలియం నుంచి తీసి శుద్ధి చేసిన నూనె) రెండు చుక్కలు పట్టించండి. అది బంక కట్టదు, కంపు కొట్టదు.

రెండవ సమాధానం:
ఉలులకు నేను మైనమే మేలంటాను. నూనె పూత ముట్టుకుంటే చెరిగిపోతుంది, నిలబెడితే కిందికి జారుతుంది. మైనం ఎక్కడ రాస్తే అక్కడే ఉంటుంది. తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. ఒక పాలు మైనానికి మూడు పాళ్లు మినరల్ ఆయిల్ కలిపి, నేరుగా మంట మీద కాకుండా వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగిస్తే చల్లారాక మెత్తని లేపనం అవుతుంది. పలచగా రాసి, కాసేపాగి, మెరుపు వచ్చేదాకా రుద్దండి. అన్నిటికంటే ముందు ఆ తోలు ఒరలు మార్చండి: తోలు తేమను పీల్చి పట్టి ఉంచుతుంది, పచ్చితోలును శుద్ధి చేయడానికి వాడిన రసాయనాలు కూడా ఉక్కును తినేస్తాయి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇప్పటికే పట్టిన చుక్కలను ఏం చేయాలి?

మూడవ సమాధానం:
పైపై తుప్పయితే, సన్నని స్టీల్ ఊల్‌కు (ఉక్కు పీచుకు) కొద్దిగా నూనె అద్ది మెల్లగా రుద్దితే పోతుంది. తరువాత స్పిరిట్‌తో తుడిచి, ఆరాక మైనం పెట్టండి. కింద నల్లని గుంట మిగిలితే దాన్ని పూర్తిగా అరగదీయాలని చూడకండి. అంచుకు దూరంగా ఉంటే పనికి అడ్డురాదు.