ఒకే బకెట్టు నీళ్లు, రెండు పీహెచ్ మీటర్లు, రెండు లెక్కలు

ఆకివీడు_రొయ్య:
ఆయ్, నమస్తే అండి. పొద్దున్న ఆరింటికి రొయ్యల చెరువు నీళ్లకి నా మీటరు 8.1 అంది, పక్క చెరువాయనది అదే బకెట్టులో 8.7. నాది మొన్ననే 4, 7 బఫర్లతో (పీహెచ్ ఎంతో ముందే తెలిసిన ద్రావణాలతో) సెట్ చేశాను. ఎవరిది నమ్మాలి? ఎన్నాళ్లకోసారి చెయ్యాలి? చెరువులో వేలాడేసి ఉంచే సెన్సారు ఎవరైనా వాడుతున్నారా?

లంకగట్టు:
పీహెచ్ పెంచుదామని సున్నం జోలికి మాత్రం వెళ్లకండి. పోయిన పంటకి నా మీటరు 7.4 చూపిస్తోందని వారంలో మూడుసార్లు చల్లాను. తీరా ల్యాబ్‌లో చూపిస్తే 8.9! పీహెచ్ పెరిగితే అమ్మోనియా విషం ఎక్కువవుద్దని అప్పుడు తెలిసింది. చెక్ ట్రేలో మేత వేసింది వేసినట్టే ఉంది. 100 కౌంటుకే (కిలోకి వంద రొయ్యలు తూగే సైజుకే) పట్టేశాను.

ల్యాబ్_బాబాయ్:
పదిహేనేళ్లుగా నా పని ఇదే. చెరువు నీళ్లు ఉండేది 7.5కీ 9కీ మధ్య, 4తో మీకేం పనండీ? ముందు 7, తర్వాత 9.18 గానీ 10 గానీ. ఇంతకీ ప్రోబు (నీళ్లలో ముంచే గాజు బల్బు కొన) దేంట్లో పెడుతున్నారు?

ఆకివీడు_రొయ్య:
డిస్టిల్డ్ వాటర్లోనండి. బ్యాటరీల షాపులో కొన్నది.

ల్యాబ్_బాబాయ్:
ఇంకేం, అయిపోయింది. లోపలి పొటాషియం క్లోరైడ్ అంతా అందులోకి దిగిపోద్ది. 3 మోలార్ పొటాషియం క్లోరైడ్ మూతలో పోసి ఉంచాలి.

ఉండి_కుర్రోడు:
నాలుగేళ్లుగా డిస్టిల్డ్‌లోనే పెడుతున్నా, నాదేం పాడవలేదే? ఇవన్నీ సీసాలమ్ముకునే కబుర్లు.

ల్యాబ్_బాబాయ్:
పాడవలేదని ఎలా తెలిసింది? స్లోప్ చూశావా?

ఉండి_కుర్రోడు:
స్లోపు చెరువు గట్టుకుండాలండి, మీటరుకెందుకు?

ల్యాబ్_బాబాయ్:
ఎటకారాలొద్దు. స్లోప్ అంటే ఇదీ: 25 డిగ్రీల దగ్గర ఒక్కో పీహెచ్‌కి 59.16 మిల్లీవోల్టులు మారాలి. 7లో సున్నాకి దగ్గరగా, 10లో మైనస్ 177 దాకా రావాలి. రాకపోతే ప్రోబు ముసలిదైనట్టే.

ఉండి_కుర్రోడు:
నాది పెన్ను మీటరు. మిల్లీవోల్టులు చూపించదు, పాఠాలూ చెప్పదు.

కోనసీమ_చౌడు:
మధ్యలో వస్తున్నా, ఏమనుకోకండి. వరిచేలో మట్టికి ఇదే మీటరు వాడొచ్చా?

మొగల్తూరు_అక్క:
మట్టిలో గుచ్చకు తమ్ముడూ, బల్బు పగులుద్ది. ఒక వంతు మట్టికి రెండున్నర వంతుల నీళ్లు కలిపి చూడు. మీరిద్దరూ కొట్టుకోవడం ఆపి బఫర్ సీసా సంగతి చూడండి. 10 బఫర్‌కి మూత పెట్టకపోతే గాల్లో కార్బన్ డయాక్సైడ్ పట్టి దిగిపోద్ది. మా ఆయనైతే వాడిన బఫర్ మళ్లీ సీసాలోనే పోసేవాడు, బల్బు లుంగీతో తుడిచేవాడు! అద్దకాలే గానీ రుద్దకూడదు. ఇంకోటి, 9.18 అన్నది 25 డిగ్రీలకి. 30 డిగ్రీలకి 9.14. మన ఎండల్లో పాకలో పెట్టిన సీసా ఎంతుంటదో మీరే చూసుకోండి.

ఆకివీడు_రొయ్య:
కొత్త 9.18 ప్యాకెట్టు కలిపి చూశాను. నాది అందులో 8.6 దగ్గరే ఆగిపోయింది. అంటే పక్కాయనదే కరెక్టు. ఆయనకింకా చెప్పలేదు లెండి. సెన్సారు సంగతి ఎవరూ చెప్పలేదేంటండీ?

లంకగట్టు:
వేలాడేశాను. వారానికే పాకుడు పట్టేసింది. ఇప్పుడు పాకలో దండేనికి వేలాడుతోంది. అది సరే, మీవైపు 100 కౌంటు ఎంత పలుకుతోంది?