రోజులో మూడో ఆటను 'మొదటాట' అని ఎందుకంటాం?

గుంపులో అందరికీ నమస్కారం. ఒక మాట మీద మీ అందరి అభిప్రాయం కావాలి.

పోయిన ఆదివారం మా అమ్మను సినిమాకు తీసుకుపోదామనుకున్నాం. మేం అనుకున్న హాలు తిరుపతిలో ఇంకా మిగిలిన పాత హాళ్ళలో ఒకటి. ఒకే తెర. పెళ్ళయిన కొత్తలో అమ్మ, నాయన కలిసి వెళ్ళిన హాలు. "మొదటాటకు పోదాం" అనింది అమ్మ. మా అక్క కూతురు వెంటనే ఫోన్లో టికెట్లు తీసేసింది. ఆదివారం పొద్దున పదిన్నరకల్లా ఆటో ఇంటి ముందుకు వచ్చింది. అమ్మ ఇంకా వంటింట్లోనే ఉంది. "మొదటాటంటే మాపటేళ కదా పాపా" అనింది. పాప ఫోను చూపించింది. ఆ రోజు మొట్టమొదటి ఆట పదకొండు గంటలకు. దాన్నే మొదటాట అనుకుంది పాప.

నాకు తెలిసినంతలో తిరుపతిలోనూ చిత్తూరులోనూ పొద్దున పదకొండుది మార్నింగ్ షో, రెండున్నరది మ్యాట్నీ, సాయంత్రం ఆరున్నరది మొదటాట, రాత్రి తొమ్మిదిన్నరది రెండో ఆట. అంటే మూడోది మొదటిది, నాలుగోది రెండోది. చిన్నప్పటి నుంచి ఇట్లాగే అంటున్నాను కానీ, ఎందుకని ఎప్పుడూ అడగలేదు. జవాబు ఆ హాల్లోనే దొరికింది.

అమ్మ చీర మార్చుకుని వచ్చింది, పదకొండుకే వెళ్ళాం. బుకింగ్ గోడకు చెయ్యి మాత్రమే పట్టే కంత ఇప్పటికీ ఉంది. లోపల ఎత్తైన కప్పు, పొడుగు కడ్డీలకు వేలాడే ఫ్యాన్లు, ప్రతి తలుపుకూ మందపాటి నల్ల తెర. గంట మోగింది, లైట్లు ఆరాయి, బొమ్మ పడింది. పది నిమిషాల తరువాత ఎవరో ఆలస్యంగా వచ్చి తలుపు తోసి, ఆ నల్ల తెర పక్కకు లాగారు. బయటి ఎండ చారలాగా లోపలికి దూరింది. తెర మీద మనుషుల ముఖాలు సగం పాలిపోయాయి. తలుపు మూసుకున్నాక మళ్ళీ రంగులు వచ్చాయి. "టెంటులో అయితే పగలు అసలు కనిపించేదే కాదు" అని అమ్మ నా చెవిలో అనింది.

అదీ సంగతి. గుడారం వేసి ఊరూరా సినిమా చూపించిన టూరింగ్ టాకీసుల్లో పొద్దు గూకితేగాని బొమ్మ వేయడానికి లేదు. చీకటి పడ్డాక ఒక ఆట, అది విడిచాక ఇంకో ఆట. రోజుకు ఉన్నవే రెండు కాబట్టి మొదటాట, రెండో ఆట. గోడలు, కప్పు, తలుపులు ఉన్న హాళ్ళు వచ్చాకే పగటి పూట చీకటి చేసుకోవడం కుదిరింది. అప్పుడు పగటి ఆటలు వచ్చి చేరాయి. వాటికి వేరే పేర్లు పెట్టుకున్నారు తప్ప పాత ఆటల పేర్లు ఎవరూ జరపలేదు. ఇంకో చిన్న సంగతి. మ్యాట్నీ అనే మాటకు ఫ్రెంచిలో మూలం 'పొద్దున' అని అర్థమిచ్చే మాట. మనం దాన్ని మధ్యాహ్నానికి పెట్టుకుని, పొద్దుటి ఆటను ఇంగ్లీషులో మార్నింగ్ అన్నాం.

నాకు ఇంతకంటే ఇష్టమైనది 'ఆట' అనే మాట. పోస్టర్ల మీద "రోజూ 4 ఆటలు" అని ఉండేది గుర్తుందా? తోలుబొమ్మలాటలో మేకతోలును పల్చగా చేసి, రంగులు అద్ది, తెల్లటి తెర వెనక దీపం పెట్టి ఆడిస్తారు. వెలుతురు తోలులోంచి వచ్చి, రంగు తెర మీద పడుతుంది. సినిమా రీలులోనూ జరిగేది అదే: రంగు ఉన్న పల్చటి రీలు, దాని వెనక దీపం, ముందర తెర. బొమ్మ, తెర, ఆట అనే మూడు మాటలూ రాత్రి పూట వీధిలో కూర్చుని తోలుబొమ్మలాట చూసిన ఆ జనం దగ్గర నుంచే హాల్లోకి వచ్చాయని నా నమ్మకం. మీ ఊళ్ళలో ఈ మాటలు ఎట్లా అనేవాళ్ళో చెప్పండి.

పలమనేరు నుంచి ఒక అక్క రాసింది:

తమ్ముడూ, మా వైపు హాలును 'సినిమా కొట్టాయి' అనేవాళ్ళు, కొట్టాయంటే పాక. పక్కన తమిళం కదా. అక్కడా 'ముదల్ ఆట్టం', 'రెండాం ఆట్టం' అంటారు. మా పిన్నమ్మ వాళ్ళది గుడియాత్తం, ఇప్పటికీ అట్లాగే అంటుంది. నేలలో కూర్చునేవాళ్ళం, ఇసుక కుప్ప చేసుకుని దాని మీద. ముందు వరుసలో పొడుగు మనిషి కూర్చుంటే కుప్ప ఇంకొంచెం పెంచుకునేవాళ్ళం.

మా జవాబు:

అక్కా, మంచి మాట గుర్తు చేసినారు. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా మనం మద్రాసు కిందే ఉన్నాం. కొట్టాయి మన నోట్లో ఉండటం సహజం. కన్నడంలోనూ ఆరుబయట ఆడే ప్రదర్శనను 'బయలాట' అంటారు. మూడు భాషల్లోనూ 'ఆట' అనే ఒకటే మాట ఉందంటే ఇది సినిమాకంటే చాలా పాతది.

చిత్తూరు నుంచి ఒక అన్న సందేహం:

ఇంగ్లీషులో నాటకాన్ని 'ప్లే' అంటారు, సినిమా 'ప్లే' అవుతోందంటారు. దాన్నే మనవాళ్ళు ఆట అని తర్జుమా చేసి ఉండవచ్చు కదా?

మా జవాబు:

అన్నా, నేనూ ఆలోచించాను. కానీ మన వైపు మహాభారత కథతో 'భారతం' ఉత్సవం జరిగే ఊళ్ళను చూడండి. ద్రౌపదమ్మ గుడి కాడ పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అర్జునుడు తపస్సు మాను ఎక్కే రోజు, దుర్యోధనుణ్ణి చంపే రోజు, ఊరంతా అక్కడే. "ఈ రాత్రి ఏం ఆట?" అని అడుగుతారే గాని "ఏం నాటకం?" అని అడిగేవాళ్ళు తక్కువ. ఇంగ్లీషు చదవని ముసలమ్మలు వాడే మాట అది. సినిమా వచ్చాక వాళ్ళు కొత్త మాట వెతుక్కోలేదు, ఉన్నదాన్నే అందించారు.

ఇంకోటి. 'ఆడు' అంటే వినోదం ఒక్కటే కాదు, కదలడం, తిరగడం కూడా. గాలి ఆడటం లేదంటాం. పిండి ఆడించుకుని రమ్మంటాం. గానుగ ఆడించడం సరేసరి. మిషను తిరిగి, రీలు కదిలితేనే సినిమా. కాబట్టి 'సినిమా ఆడుతోంది' అన్నప్పుడు అందులో వీధినాటకం ఆడే భాగవతులూ ఉన్నారు, గానుగా ఉంది. తెలుగులో బొమ్మ మాట్లాడటం మొదలైంది 1932లో. 'మాట్లాడు'లో కూడా మాట పక్కన అదే 'ఆడు' ఉంది, చూశారా!

మళ్ళీ చిత్తూరు అన్న:

గానుగ సంగతితో నా సందేహం తీరింది. మా మామ సినిమా హాల్లో మిషను నడిపిన పాత ఆపరేటరు. ఆయన ఎప్పుడూ "మిషను ఆడించినాను" అనే అనేవాడు. రీలు వెనక వెలుగు కోసం కార్బన్ కడ్డీలు రెండింటి మధ్య మంట పుట్టించి, అవి కాలేకొద్దీ దగ్గరికి జరుపుతూ ఉండాలంట. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలకు అయిపోతుంది. అది అయ్యేలోపల రెండో మిషను సిద్ధంగా పెట్టుకోవాలి. "జనానికి తెలీకుండా ఒక మిషను నుంచి ఇంకో మిషనుకు మారడమే పని" అనేవాడు.

శ్రీకాళహస్తి నుంచి ఒక చెల్లెలు:

నేను తిరుపతిలో చదువుకునేటప్పుడు రోజూ లీలామహల్ సర్కిల్లో దిగేదాన్ని. వి.వి. మహల్ రోడ్డులో ట్యూషన్. మహల్ అంటే సినిమా హాలని చాలా రోజులు తెలీదు నాకు, ఏ జమీందారు భవనమో అనుకున్నాను. ఈ 'మహల్' గురించి కూడా రాయండన్నా.

మా జవాబు:

రాస్తానమ్మా, అది వేరే చర్చగా మొదలుపెడదాం. టాకీస్ అంటే మాట్లాడే బొమ్మ వచ్చినప్పటి గర్వం, మహల్ అంటే గుడారం పోయి గట్టి కట్టడం వచ్చినప్పటి గర్వం. ఇసుక మీద కూర్చున్న మనిషికి ఎత్తు కప్పు, ఫ్యాను, కుర్చీ ఇచ్చిన చోటును మహల్ అనకపోతే ఇంకేమంటారు? ఇప్పుడు బస్సు కండక్టరు ఆ పేరు అరిచినప్పుడల్లా నాకు సంతోషంగా ఉంటుంది. మాట నిలిచి ఉంది కదా.

పాప సంగతి అడిగిన వాళ్ళకు: నిన్న రాత్రి అమ్మ ఫోనుకు మెసేజ్ పెట్టింది. "అవ్వా, వచ్చే ఆదివారం మళ్ళీ పోదాం. మొదటాట. ఆరున్నరకు. ఆరింటికి ఆటో తెస్తా, పూలు పెట్టుకుని ఉండు."